మారిషస్ : భూగోళము, జనాభా, ఆర్థికవ్యవస్థ

ఉనికి, విస్తీర్ణము

హిందూ మహాసముద్రపు నైరృతి భాగమున, మడగాస్కర్‌కు తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరమున, దక్షిణాక్షాంశము 20 డిగ్రీల ప్రాంతమున నెలకొనియున్న ద్వీపదేశము మారిషస్. దేశమునకు పేరిచ్చిన ప్రధానద్వీపమును, దానికి తూర్పున 560 కిలోమీటర్ల దవ్వున నున్న రోడ్రిగ్స్‌ను, ఉత్తరమున సుమారు వేయి కిలోమీటర్ల దూరమందలి అగలేగా జంటదీవులును, ఈశాన్యమున నీటిపై తలలెత్తియున్న సెయింట్ బ్రాండన్ ఇసుకతిన్నెలును ఈ రాజ్యములోని భాగములు. మొత్తము భూవిస్తీర్ణము సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. అందు ప్రధానద్వీపమే 1,865 చదరపు కిలోమీటర్లు. భూమి ఇంత స్వల్పమైనను, దీవులు దూరదూరముగా చెదరియుండుటచేత, చేపలపైనను సముద్రగర్భ సంపదపైనను అంతర్జాతీయ న్యాయమును బట్టి ఈ దేశమునకు హక్కు గల జలభాగము 23 లక్షల చదరపు కిలోమీటర్లవరకు వ్యాపించియున్నది. మారిషస్, రోడ్రిగ్స్, ఫ్రాన్సు దేశమునకు చెందిన రెయూనియన్, ఈ మూడును కలిసి మస్కరీన్ దీవులని వ్యవహరింపబడుచున్నవి. భూగోళవేత్తలు మారిషస్‌ను ఆఫ్రికాఖండమున జేర్చుదురు; ప్రజలలో అత్యధికులు భారతీయ సంతతివారు; వార్తాపత్రికలు ఫ్రెంచిభాషలో వెలువడును; శాసనసభ ఇంగ్లీషున నడచును. రాజధాని వాయవ్యతీరమందలి పోర్ట్ లూయీ.

భూస్వరూపము

ఈ ద్వీపము అగ్నిపర్వతోద్గారమువలన సుమారు 80 లక్షల సంవత్సరములకు పూర్వము సముద్రగర్భమునుండి వెలువడినది. తొలినాటి మహాపర్వతము కూలిపోగా దాని అంచులు మాత్రము విరిగిన వలయమువలె మిగిలి, నేటి కొండలవరుసలైనవి. వీనిలో ఎత్తైన శిఖరము నైరృతి దిక్కునందలి పితోఁ ద లా పెతీత్ రివియేర్ న్వార్ (828 మీటర్లు). దానికంటె ఒకింత తక్కువ ఎత్తుగల పియెటర్ బోత్ కొండ, శిఖరాగ్రమున గుండ్రని పెద్దబండ యొకటి నిలిచియుండుటచేత, అన్నిటికంటె ప్రసిద్ధము. కొండలవలయమునకు నడుమ పీఠభూమి కలదు. సుమారు 550 మీటర్ల ఎత్తున నున్న క్యూర్‌పీప్ పట్టణము దానిపైననే వెలసినది. ఆ పట్టణము ప్రక్కనే త్రూ ఓ సేర్ అను చల్లారిన అగ్నిబిలము నేటికిని స్పష్టముగ గానవచ్చును. దక్షిణభాగమందలి మరియొక బిలము నీటితో నిండి సరస్సైనది. గ్రాఁ బసాఁ అని ఫ్రెంచివారు పిలిచిన ఆ సరస్సే హిందువులకు గంగాతలావ్ అను పుణ్యతీర్థము. మహాశివరాత్రికి కావళ్లు మోయుచు తెల్లనిబట్టలు ధరించిన యాత్రికులు లక్షలసంఖ్యలో కాలినడకన అచ్చటికి చేరుదురు.

తీరరేఖ 177 కిలోమీటర్లు. దక్షిణమున సుయాక్ పట్టణప్రాంతమునందలి కొలదిపాటి భాగము తప్ప, ద్వీపమునంతటిని పగడపు దిబ్బ చుట్టియున్నది. దిబ్బకును తీరమునకును నడుమ నిలుచు లోతులేని ప్రశాంతజలములే యాత్రికులను రప్పించుచున్నవి. దిబ్బ తెగిన గ్రీ-గ్రీ వద్ద మహాసముద్రపు అలలు నల్లరాతి గట్టును నేరుగా తాకును. నదులు పొట్టివి, వేగముగలవి. వానిలో పొడవైన ఆగ్నేయ మహానది సైతము 35 కిలోమీటర్లకు మించదు. ఖనిజసంపద లేదు, బొగ్గు లేదు, చమురు లేదు. ఉన్నదెల్ల లావారాయి అరిగి ఏర్పడిన నేల, దానియందు లెక్కకు మిక్కిలియైన బండరాళ్లు. చెరకు వేయుటకై ఆ రాళ్లను కూలీలు ఒక్కొక్కటిగ చేతులతో ఏరి, పొలము నడుమ మెట్లుమెట్లుగా కుప్పలు పెట్టిరి. పైరు నరికిన పిదప, రెండాళ్ల ఎత్తుకు మించిన ఆ నల్లనికుప్పలు మైదానమంతట బయల్పడును. ఈ దేశపు శ్రమచరిత్రకు అంతకంటె ప్రత్యక్షసాక్ష్యము మరియొకటి లేదనవచ్చును.

శీతోష్ణస్థితి

నవంబరునుండి ఏప్రిలువరకు ఉక్కతో గూడిన వేసవియు, మేనుండి అక్టోబరువరకు పొడిగాను చల్లగాను ఉండు శీతకాలమును, ఈ రెండే ఇచ్చటి ఋతువులు. ఆగ్నేయపు వ్యాపారపవనములు ఏడాది పొడవున వీచును. అవి తెచ్చు మేఘములు కొండలకు తగిలి కురియుటచేత పీఠభూమిపై ఏటికి 4,000 మిల్లీమీటర్లదాక వర్షము పడగా, కొండలచాటున నున్న పశ్చిమతీరమున 900 మిల్లీమీటర్లకు మించదు. గంటప్రయాణములో తడినేలనుండి ముండ్లపొదల మెట్టకు చేరవచ్చును.

తుఫానులు వేసవియందు వచ్చును. 1892 ఏప్రిలునందలి తుఫాను, 1960 ఫిబ్రవరియందలి ‘కరోల్’ తుఫాను మిక్కిలి ఘోరమైనవి. ‘కరోల్’ రేకులయిండ్లను, కొయ్యయిండ్లను, పూరిండ్లను వేలకొలదిగ నేలమట్టము చేసినది. కాంక్రీటు గోడలతో, చదునైన డాబాకప్పుతో నేడెల్లెడల కానవచ్చు ఇండ్లు ఆ యుత్పాతమునకు తరువాత బహుళముగా వెలసినవే. నేడు తుఫాను హెచ్చరికలు నాలుగు తరగతులుగా ప్రకటింపబడుచున్నవి.

జీవజాలము

మానవులు కాలిడువరకు ఈ ద్వీపమున గబ్బిలములు తప్ప నేలపై వేరు క్షీరదములు లేవు. అందువలన శత్రుభయ మెరుగక ఎగురుటయే మరచిన డోడో పక్షి, డచ్చివారు వచ్చిన నూరేండ్లలోపుననే నశించినది. దాని నశింపజేయుటలో వేటకంటె ఓడలపై వచ్చిన ఎలుకలు, పందులు, కోతుల పాలే హెచ్చు. 1974 నాటికి నాలుగు మాత్రమే మిగిలిన మారిషస్ చిన్నడేగను మాత్రము, గ్రుడ్లను సేకరించి పొదిగించి పిల్లలను మరల అడవిలో విడుచుట ద్వారా శాస్త్రజ్ఞులు రక్షింపగలిగిరి. గులాబిరంగు పావురమును, ఎకో చిలుకయు ఇట్లే బయటపడినవి. నల్లచేవ అడవులు డచ్చివారి కాలమునుండియే నరకబడినవి. 1994 లో ఏర్పడిన బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయోద్యానమునందు మిగిలిన స్వదేశవనములో పెద్దభాగము చేరియున్నది.

చరిత్ర

అరబ్బు నావికులకును, 16వ శతాబ్దారంభమున పోర్చుగీసువారికిని ఈ దీవి తెలిసియుండెను గాని నివసించినవారు లేరు. 1598 లో డచ్చివారు దిగి, తమ రాకుమారుడగు నాసో మారిస్ పేరిట దీనికి నామకరణము చేసిరి. 1638 లో వలస స్థాపించి, మరుసటి సంవత్సరము జావానుండి చెరకు తెచ్చి నాటిరి. చెరకు నిలిచినది గాని వారు నిలువలేక 1710 లో విడిచిపోయిరి. 1715 లో ఫ్రెంచివారు ఆక్రమించి ‘ఫ్రాన్సుద్వీపము’ అని పేరుమార్చిరి. 1735 నుండి గవర్నరుగా నున్న మాహే ద లా బూర్దొనే పోర్ట్ లూయీని నౌకాశ్రయముగ తీర్చిదిద్దెను. ఆఫ్రికానుండియు, మడగాస్కర్‌నుండియు తేబడిన బానిసలు ఆ నగరమునకు రాళ్లుమోసిరి. 1810 ఆగస్టులో గ్రాఁ పోర్ట్ వద్ద ఇంగ్లీషు నౌకాదళమును ఫ్రెంచివారు ఓడించిరి. ఆ జయము పారిసులోని విజయతోరణముపై చెక్కబడినది. అయినను అదే డిసెంబరులో దీవి ఇంగ్లీషువారి వశమైనది. ఫ్రెంచి నివాసుల భాష, మతము, ఆస్తి, చట్టములు చెక్కుచెదరకుండ నుంచెదమని నూతనప్రభువులు మాటయిచ్చిరి. ఈ ఒడంబడికవలననే, నూటయేబదియేండ్లకు పైబడిన ఇంగ్లీషు పాలన తరువాతను ఈ దేశము ఫ్రెంచిలో చదువుచున్నది.

1835 ఫిబ్రవరి 1 న దాస్యము రద్దయ్యెను. అప్పటికే తోటల యజమానులు భారతదేశమువైపు చూపుసారించియుండిరి. 1834 నవంబరు 2 న ‘అట్లాస్’ ఓడలో వచ్చిన కొలదిమంది కూలీలతో మొదలిడి, 20వ శతాబ్దారంభమువరకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా పోర్ట్ లూయీ రేవున దిగిరి. వారు ఎక్కిన రాతిమెట్లు, వరుసకట్టి నిలిచిన వసారాలు గల ఆప్రవాసీ ఘాట్ 2006 లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడినది. పారిపోయిన బానిసలు తలదాచుకొన్న ల మోర్న్ కొండకు 2008 లో ఆ గౌరవము లభించెను. ఒప్పందపు కూలీ దాసుడు కాడని శాసనము చెప్పినను, ఒకనాడు పనికి రానివానికి రెండునాళ్ల కూలి కోయు పద్ధతి తోటలలో చిరకాలము సాగినది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున చక్కెరధర తగ్గినప్పుడు యజమానులు నాసిభూములను చిన్నచిన్న ముక్కలుగా అమ్మివేయ, కూడబెట్టిన కూలిసొమ్ముతో వానిని కొన్న భారతీయులు చిన్నరైతులైరి. తరువాతి రాజకీయములకు పునాది ఆ ముక్కలపై పడినది.

1901 లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు మరలుచు గాంధీ ఇచ్చట ఆగెను. 1907 లో న్యాయవాది మణిలాల్ డాక్టరు వచ్చి కూలీల పక్షమున వాదించెను. 1936 లో లేబరు పార్టీ పుట్టినది. 1968 మార్చి 12 న శివసాగర్ రాంగులామ్ నాయకత్వమున స్వాతంత్ర్యమును, 1992 లో అదే తేదీన గణతంత్రమును సిద్ధించినవి.

జనాభా

దేశజనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. చదరపు కిలోమీటరుకు 600 మందికి పైబడి నివసించుచున్నారు. ఈ సంఖ్య ఇచ్చటికి చేరిన దారి గమనింపదగినది. 1866-68 నాటి మలేరియా మహమ్మారి వేలాదిమందిని బలిగొనగా, కలిగినవారు వేడియైన పోర్ట్ లూయీని విడిచి చల్లని పీఠభూమికి ఎగబ్రాకిరి. క్యూర్‌పీప్, వకోవా, రోజ్‌హిల్ పట్టణములు ఒకదాని నొకటి అంటుకొని పెరుగుట కిదియొక ముఖ్యకారణము. రెండవ ప్రపంచయుద్ధానంతరము దోమలమందుతో మలేరియాను అరికట్టగా, మరణములు తగ్గి జననములు తగ్గక, జనాభా ఏటికి నూటికి మూడువంతున పెరుగజొచ్చెను. ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961 నాటి తన నివేదికలో ఈ ద్వీపమునకు శాంతియుతాభివృద్ధి దుస్సాధ్యమని తలచెను. మీడ్ పండితుని లెక్క తప్పుకాదు. లెక్కలోని మనుష్యులే మారిరి. కుటుంబనియంత్రణము, బాలికలచదువు, మిల్లులలో స్త్రీలకు దొరకిన కొలువులు కలిసి, 1960 ప్రాంతమున స్త్రీకి సుమారు ఆరుగురుగా నున్న సంతానమును రెండు దశాబ్దములు తిరుగకముందే సగమునకు తగ్గించినవి. నేడది ఒకటిన్నరకు లోపడియున్నది. ఒకనాడు జనమెక్కువని భయపడిన దేశము నేడు మిల్లులకు బంగ్లాదేశమునుండి పనివారిని రప్పించుకొనుచున్నది.

మతరీత్యా హిందువులు సుమారు సగము, క్రైస్తవులు దాదాపు మూడవవంతు, ముస్లిములు నూటికి 17 మంది. రాజ్యాంగము ప్రజలను హిందువులు, ముస్లిములు, చీనాసంతతివారు, ‘సామాన్యప్రజ’ అని నాలుగుగా విభజించినది. ఆఫ్రికా సంతతి క్రియోలులును, ఫ్రెంచి సంతతివారును ఈ కడపటి పద్దునందే చేరుదురు. కూలీల మనుమలును, తోటల యజమానుల మనుమలును జనసంఖ్యలో ఇట్లు సరితూగరు: ఫ్రెంచి సంతతివారు నూటికిద్దరైనను లేరు, పెద్దతోటలు మాత్రము చాలవరకు వారి సంస్థలవే.

ఇంట మాటలాడు భాష క్రియోలు: 2011 నాటి లెక్కలలో నూటికి 86 మందికి పైగా ఆ మాటయే చెప్పిరి. ఫ్రెంచిపదములతో కూడియున్నను దాని వ్యాకరణము వేరు. ఒకప్పుడు చెరకుతోటల ఉమ్మడిభాషగా నుండిన భోజపురి శీఘ్రముగా క్షీణించుచున్నది. బజారులో అన్నివర్గములవారికిని ప్రీతియైన తిండి ‘ధోల్ పూరీ’: ఉడికించి పొడిచేసిన బఠాణీపప్పు నడుమనుంచి పలుచగా వత్తి పెనముపై కాల్చినది, బెల్లము వేయని మన బొబ్బట్టువంటిది, రెండేసి చొప్పున, చిక్కుడుకూరయు పచ్చడియు రాచి, కాగితమున చుట్టి యిత్తురు.

మారిషస్ ఆంధ్రులు

వలసవచ్చినవారిలో ఎక్కువమంది బీహారు ప్రాంతమువారై కలకత్తానుండి ఓడలెక్కిరి. మద్రాసు రాజధానినుండి వచ్చినవారిలో తమిళులతోబాటు తెలుగువారు కలరు. గోదావరీముఖమందలి కోరంగి రేవునుండి వచ్చినవారగుటచేత తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరేర్పడినది, బర్మాలోను వారినట్లే పిలిచిరి (చూ. కోరంగి, బర్మా ఆంధ్రులు). కూలీలకు ఇంటిపేరును గూర్చి రేవునందలి గుమాస్తాలకు పట్టింపు లేకపోవుటచేత, తండ్రిపేరే సంతతికి ఇంటిపేరై, అప్పన్న, అప్పడు మున్నగునవి చెవికి సోకినరీతిని ఫ్రెంచి వర్ణక్రమమున స్థిరపడినవి. ప్రసిద్ధ ఫ్రెంచి నవలారచయిత్రి నతాషా అప్పన్న ఈ సంతతికి చెందినదే. కూలీల చిట్టాలు, 1860లనుండి తీయబడిన వారి ఛాయాచిత్రములతోసహా, మోకా పట్టణమందలి మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపరుపబడియున్నవి. తాత యే యూరినుండి వచ్చెనో వెదకువారు అచ్చటికే పోవుదురు.

తెలుగు ఇంటిభాషగా దాదాపు అంతరించినది. పూజాభాషగా, పాఠశాలయందు ఐచ్ఛికభాషగా నిలిచియున్నది. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు, దీపముచుట్టు తిరుగుచు పాడు రామభజనమును వారు విడువలేదు. ఉగాది దేశమంతటికిని సెలవుదినము. మారిషస్ ఆంధ్ర మహాసభ వీరి ముఖ్యసంస్థ. 1990 లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దేశముననే జరిగినవి.

పరిపాలన

శాసనసభకు 21 నియోజకవర్గములనుండి 62 మంది ఎన్నికగుదురు. ఎన్నికలో తగినంత ప్రాతినిధ్యము లభింపని వర్గములకు, ఓడినవారిలో ఎక్కువ వోట్లు పొందినవారినుండి ఎనిమిదిమందివరకు చేర్చుకొను వింత పద్ధతి కలదు. 1982, 1995, 2024 సంవత్సరములలో ప్రధానద్వీపమందలి 60 స్థానములును ఒకే కూటమికి దక్కినవి. ప్రభుత్వము మారుట మాత్రము ఎన్నడును వోటుచేతనే జరిగినది.

ఆర్థికవ్యవస్థ

ఖనిజములు లేని, స్వంత అంగడి చాలని ఈ చిన్నదేశపు జీవనము, భూమికంటెను ఇతర దేశములతో చేసికొన్న ఒప్పందములపై నెక్కువగ ఆధారపడియున్నది. ఒక ఒప్పందము పట్టు సడలినప్పుడు మరియొక దానిని వెదకుకొనుటయందు దీని పాలకులు చూపిన ఓపిక ప్రశంసింపదగినది.

*చక్కెర.* 19వ శతాబ్ది మధ్యమున 250కి పైగా గానుగ కర్మాగారము లుండెను. నేడు వేళ్లపై లెక్కింపదగినన్నియే. మిగిలినవాని పొగగొట్టములు మాత్రము నల్లరాతి స్తంభములై పొలములలో నిలిచియున్నవి. 1973 లో ఉత్పత్తి ఏడు లక్షల టన్నులు దాటి, రికార్డు నెలకొల్పెను. 1975 లో ఐరోపా ఆర్థికసమాజముతో కుదిరిన లోమే ఒడంబడిక, ఏటా సుమారు ఐదు లక్షల టన్నులను ప్రపంచపు ధరకంటె మిక్కిలి హెచ్చుధరకు కొనుటకు హామీయిచ్చినది. 2006 లో మొదలిడిన సంస్కరణచే ఆ ధర నూటికి 36 వంతులు తగ్గింపబడి, 2009 లో ఆ హామీయే ముగిసెను. ఉత్పత్తి మునుపటిలో సగమునకును లోబడినది. ముడిచక్కెరకు బదులు బెల్లపురంగుగల ప్రత్యేకరకములను అమ్ముట, చెరకుపిప్పిని కాల్చి విద్యుత్తును తీయుట, మడ్డినుండి సారాయిని వండుట, ఇవి ఆ పరిశ్రమ కనుగొన్న మార్గములు (చూ. చక్కెర).

*దుస్తుల పరిశ్రమ.* ఆచార్య ఎడ్వర్డ్ లిమ్ ఫాట్ సూచనచే 1970 లో ఎగుమతి మండలపు చట్టము చేయబడినది. ఇతర దేశములందు మండలమనగా ప్రహరీగోడ. ఇచ్చట దేశమున నెచ్చటనైనను పెట్టిన మిల్లుకే ఆ రాయితీలు వర్తించినవి. చక్కెరలాభములును, హాంకాంగు పెట్టుబడులును అందు ప్రవహించెను. 1980ల తొలినాళ్లలో పనిలేనివారు ఐదింట ఒకవంతుండగా, దశాబ్దాంతమునకు మిల్లులలోనే సుమారు 90,000 మంది పనిచేయుచుండిరి. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. చీనా మున్నగు దేశముల బట్టలను పరిమితిలో నుంచిన అంతర్జాతీయపు కోటాలు 2004 తో ముగియగా ఎన్నో మిల్లులు మూతపడినవి.

*పర్యాటకము.* 1970 లో ముప్పదివేలకు లోబడియుండిన యాత్రికులసంఖ్య 2019 నాటికి 14 లక్షలను సమీపించినది, అనగా దేశజనాభాను మించినది. 2020 జూలైలో ‘వకాషియో’ అను సరకుల ఓడ ఆగ్నేయతీరపు దిబ్బనెక్కి సుమారు వేయి టన్నుల చమురును ఒలికించినప్పుడు, తీరవాసులు చెరకుఆకును సంచులలో కూరి కుట్టి, నీటిపై తేలు అడ్డుకట్టలుగా వేసిరి.

*ద్రవ్యసేవలు.* 1980ల తొలినాళ్లలో అమలునకు వచ్చిన భారత-మారిషస్ ద్వంద్వపన్ను నివారణ ఒప్పందము, భారతదేశమున షేర్లు అమ్మిన లాభముపై పన్నువేయు అధికారమును మారిషస్‌కు విడిచినది; మారిషస్ ఆ పన్ను వేయలేదు. తత్ఫలితముగ భారతదేశమునకు వచ్చిన విదేశీ పెట్టుబడిలో చిరకాలము అగ్రస్థానము, కాగితముపైన, ఈ చిన్నదీవిదైనది. ఇది పన్నుల ఎగవేతకు త్రోవయని కొందరును, పెట్టుబడికి సులువైన ద్వారమని కొందరును వాదించిరి. 2016 లో ఒప్పందము సవరింపబడి, 2017 ఏప్రిల్ 1 నుండి కొన్న షేర్లపై పన్ను భారతదేశమునకే చెందినది. 2021 లో ఉభయదేశముల నడుమ విశాలమైన వాణిజ్య ఒప్పందము అమలులోనికి వచ్చెను. భారత సహాయముతో ఎబేన్‌లో వెలసిన సైబర్ నగరమును, పోర్ట్ లూయీనుండి క్యూర్‌పీప్‌వరకు నడచు మెట్రో రైలును ఈ మైత్రికి ఇతర చిహ్నములు.

తలసరి ఆదాయము ఏటికి 11,000 డాలర్లకు మించియున్నది. ప్రాథమిక విద్యయు వైద్యమును ఉచితము. మాధ్యమిక విద్య 1977 నుండి ఉచితమైనది. ఆహారములో అధికభాగము, ఇంధనము దాదాపు సమస్తమును దిగుమతియగుచుండుటచేత విదేశపు ధరలు పెరిగినప్పుడెల్ల రూపాయి యను పేరుగల ఇచ్చటి నాణెము ఒత్తిడికి లోనగును.

దూరదీవులు

రోడ్రిగ్స్ 108 చదరపు కిలోమీటర్ల కొండదీవి. జనులు నలుబదివేలకు పైబడియున్నారు, అత్యధికులు ఆఫ్రికా సంతతి కాథలిక్కులు. 2002 నుండి దీనికి స్వపరిపాలన కలదు. పోటు తీసిన నీటిలో స్త్రీలు ఇనుపచువ్వలతో ఆక్టోపస్‌లను పొడిచి పట్టి, తీగలపై ఎండగట్టి అమ్ముదురు. పట్టుబడి తరిగిపోగా 2012 నుండి ఏటా కొన్నాళ్లు వేటను నిలిపివేయుచున్నారు. కొబ్బరితోటల అగలేగాలో భారతదేశము నిర్మించిన విమానమార్గమును, ఓడలరేవును 2024 ఫిబ్రవరిలో ప్రారంభింపబడినవి.

చాగోస్ దీవులను ఇంగ్లండు 1965 లో, అనగా స్వాతంత్ర్యమునకు మూడేండ్లకు ముందు, మారిషస్‌నుండి విడదీసి, వానిలో పెద్దదగు దియేగో గార్సియాను అమెరికా సైనికస్థావరమునకు విడిచినది. అచ్చటి నివాసులు 1973 నాటికి పూర్తిగా వెడలగొట్టబడి, పెక్కుమంది పోర్ట్ లూయీ మురికివాడల పాలైరి. ఆ విభజనము న్యాయసమ్మతము కాదని అంతర్జాతీయ న్యాయస్థానము 2019 ఫిబ్రవరిలో అభిప్రాయమిచ్చినది. 2025 మే 22 న ఇంగ్లండుతో సంతకమైన సంధిపత్రము దీవులపై మారిషస్ సార్వభౌమత్వమును అంగీకరించుచు, దియేగో గార్సియాను మాత్రము 99 సంవత్సరములు ఇంగ్లండు వాడుకొనుటకును, అందులకై ఏటా రుసుము చెల్లించుటకును నిర్ణయించినది.